తాళము వేసిన యిల్లు



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. ఊరిలో నొక యిల్లు చాలకాలముగా తాళము వేసియున్నది. యజమాని దేశాంతరమున నున్నాడు. నిలువ నీడలేనివాడొకడు ఆ తాళము తీసి లోపల చేరి పొయ్యి వెలిగించుకొన్నాడు. వాడు నేరస్థుడా? వానిని ఠాణాకు పంపవలయునా, పంచాయతిలో కూర్చుండబెట్టి మాటాడవలయునా? ఈ ప్రశ్నను నన్నొకనాడు మా యూరి పెద్దలే యడిగిరి. తొందరపడి నేనొక సమాధానము చెప్పితిని. ఆ సమాధానము సగము తప్పు. ఆ తప్పు ఎక్కడ నున్నదో తెలిసికొనుటకే పిదప పాత గ్రంథములను, మన జిల్లాల చరిత్రమును మరల తిరుగవేసితిని.

సంగతి యిది. మాది కరీంనగరు జిల్లాలో సిరిసిల్ల వైపు పల్లె. 2016 లో జిల్లాలు చీలి క్రొత్త పేర్లు వచ్చినవి గాని, నా యీడువారి నోట పాత పేర్లే తిరుగుచుండును. ఇచ్చటను నేనట్లే చెప్పుదును. ఈ ప్రాంతమున నేతవారు మగ్గమును నమ్ముకొని బ్రతికిరి. మగ్గము కూడు పెట్టని దినములలో భీవండికిని, బొంబాయికిని, సూరతుకును పోయిరి. సేద్యపు కుటుంబములలోని మగవారు 1970 తరువాతి యేండ్లనుండి దుబాయికిని, మస్కటుకును, సౌదీకిని పోవుచున్నారు. అందుచేత మన వైపు ఏ వాడకు పోయినను రెండు మూడు తాళముల యిండ్లు కనబడక మానవు. మా వాడలోని యట్టి యింటి యజమాని యొక నేతవాడు. ఎనిమిదేండ్లుగా భీవండిలో నుండెను. గూనపెంకుల యిల్లు, ముందు పంచ, లోపలి పెద్ద యర్రలో తండ్రి నాటి గుంటమగ్గము. ఒక వానకాలమున వారము దినములు ముసురు విడువలేదు. ఊరి చివర మట్టిగోడల గుడిసె యొకటి కూలినది. అందలి కూలి దంపతులు ముగ్గురు పిల్లలతో వచ్చి నేతవాని యింటి గొళ్లెము నూడదీసి లోపల చేరిరి. వాన వెలిసినది, వారు కదలలేదు. నెలలు గడచినవి.

పెద్దలు మా యరుగు మీద కూర్చుండి, "సారూ, మీరు శాస్త్రం చదివినోళ్లు. ఇది దొంగతనమా కాదా చెప్పుండ్రి" అనిరి. నేను, "దొంగయైనవాడు వస్తువును గొనిపోవును, వీరు గోడల నెచ్చటికి గొనిపోయిరి? ఉండనిండు" అని యొక్కమాటతో తేల్చితిని. అందరును మెచ్చుకొనిరి. నాకును కొంత గర్వము కలిగెను. దాని ఫలము చివర చెప్పుదును.

ముందుగా ఒక మాటను గూర్చి విచారింతము. నేడు 'కబ్జా' యనగా పరుల భూమిని బలిమితో నాక్రమించుట యని పిల్లలకును తెలియును. అరబ్బీనుండి వచ్చిన ఆ మాటకు మొదటి యర్థము చేతబట్టుట, అనుభవమున నుంచుకొనుట యని మాత్రమే. అందు దోషము లేదు, మెప్పును లేదు. మన పాత పహాణీలలో పట్టాదారుని పేరొక గడిలోను, అనుభవములో నున్నవాని పేరు వేరొక గడిలోను వ్రాయుచుండిరి. పట్టా యొకనిది, నాగలి యొకనిది కావచ్చునని ఆ కాగితమే యొప్పుకొన్నది. సర్కారు నేలను అనుమతి లేక దున్నినవానిని వెంటనే బేడీలు వేసి కొనిపోలేదు; 'శివాయి జమాబంది' యని పేరు పెట్టి వాని చేత శిస్తు కట్టించుకొనిరి; అనుకూలించినచో తరువాత 'లావుణి' పట్టాయును ఇచ్చిరి. ఇది దయచేత గాదు. బీడుపడిన నేలకంటె శిస్తు తెచ్చు నేల సర్కారునకు మేలు. 2020 లో వచ్చిన ధరణిలో ఆ అనుభవదారుని గడియే లేకపోయెను. దానివలన పుట్టిన తగవులు శ్రోతలలో ననేకులకు స్వానుభవమే గనుక విస్తరింపను. 2025 లో దాని స్థానమున భూభారతి వచ్చినది. ఇచ్చట నాకొక చమత్కారము తోచుచుండును. కాగితముమీది చతురమును మనము గడి యందుము; దొరవారి కోటయింటిని గడి యందుము. మన జిల్లాలలో పెక్కుచోట్ల మొదటి గడిలో పేరెక్కించుకొన్నవాడే రెండవ గడిలో నివసించెను.

ధర్మశాస్త్రము ఖాళీ యింటిని గూర్చి యేమి చెప్పుచున్నది? ఆస్తి తగవులో మూడు ప్రమాణములు: లిఖితము, సాక్షులు, భుక్తి. భుక్తి యనగా అనుభవమే, అనగా కబ్జాయే. నారదుడు మిక్కిలి కఠినుడు. హక్కు పుట్టిన మార్గము లేక వట్టి యనుభవము మాత్రమే కలవాడు వందలయేండ్లనుభవించినను వానికి దొంగ శిక్షయే విధింపుమని రాజునకు చెప్పెను. యాజ్ఞవల్క్యుని దృష్టి వేఱు. పరుడు తన భూమిని అనుభవించుచుండగా యజమాని చూచుచు నోరు మెదపక యూరకుండెనేని, ఇరువది యేండ్లకు భూమి విషయమునను, పది యేండ్లకు ధనము విషయమునను ఆతనికి హాని యని యాతడనెను. వెంటనే మినహాయింపులును జెప్పెను: కుదువ పెట్టినది, ఎల్లలకు సంబంధించినది, దాచుమని యిచ్చినది, మందబుద్ధి సొత్తు, బాలుని సొత్తు, రాజు సొత్తు, స్త్రీ సొత్తు, శ్రోత్రియుని సొత్తు ఇట్లు పోవు. తన సొత్తు తాను కాచుకొనలేనివారిని శాస్త్రము కాచినది. ఈ పట్టికలో రాజు సొత్తును ఎందులకు చేర్చిరో మీరే యూహింపగలరు.

ఇక విజ్ఞానేశ్వరుడు. 1076 నుండి 1126 వరకు కల్యాణ కటకమున నేలిన చాళుక్య విక్రమాదిత్యుని కాలమున మితాక్షరను వ్రాసినవాడు. ఆ విక్రమాదిత్యునకే మన యనుమకొండ కాకతీయులు నాడు సామంతులు. కావున ఇది మనకు పరాయి శాస్త్రము కాదు. పదమూడవ శతాబ్దమున కేతన దానిని విజ్ఞానేశ్వరీయ మను పేర తెనిగించెను గూడ. మితాక్షరకారుడు ఇరువదియేండ్ల మాటను మరియొక విధముగా వ్యాఖ్యానించినాడు. యజమానికి కలుగు హాని ఆ యేండ్ల ఫలమునందు మాత్రమే, భూమియందు గాదు అని. అనగా ఊరకుండి చూచినందుకు గడచిన పంటను అడుగరాదు. నేల మాత్రము నీదే. నా చిన్ననాట గురువుగారు ఈ భాగమును పాఠము చెప్పునప్పుడు మేమందరమును పంట, నేల యను భేదమునే పట్టుకొని వాదించితిమి. యాజ్ఞవల్క్యుడు 'చూచుచు, నోరు మెదపక' యని పెట్టిన రెండు మాటలమీద మా చూపు నిలువలేదు. అరువదియేండ్లు దాటిన తరువాత గాని నాకు వాని బరువు తెలియలేదు.

ఆ రెండు మాటలను చేతబట్టుకొని మన గడుల చెంతకు పోవుదము.

గడి యనగా ఎత్తైన ప్రహరి, ఏనుగు పట్టునంతటి దర్వాజా, లోపల భవంతి, ధాన్యపు గరిసెలు, కొట్టములు, దొర తీర్పు చెప్పు కచ్చేరి. దాని గోడలకు మట్టి త్రొక్కినవారెవ్వరు? రాయి మోసినవారెవ్వరు? వెట్టివారు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, మాల మొదలైన యన్ని వృత్తులవారును కూలి లేక చేసిన పనియే ఆ గోడలు. పటేలుగిరి, పట్వారీగిరి దొర కుటుంబపు చేతిలోనో, దొర చెప్పుచేతలలోని వారి చేతిలోనో యుండెను. కలము వారిది గనుక బంజరులు, చెఱువు శిఖములు, అప్పు తీర్చలేని వాని చెలకలు ఒకటొకటిగా ఆ గడి లెక్కలోనికి నడచిపోయినవి. దీనిని ఎవ్వరును ఆక్రమణ యనలేదు. లెక్క లిఖితమున నుండెను గదా! ఈ మర్మము నెరిగిన వాడు గనుకనే పోలంపల్లి అనభేరి ప్రభాకరరావుగారు, తాము భూస్వామి కుటుంబమున పుట్టియు, తమ దళముతో పల్లెలకు పోయి పటేలు పట్వారీల దస్తరములను తగులబెట్టించిరి. 1948 మార్చి 14 న హుస్నాబాదు దగ్గరి మహమ్మదాపురపు గుట్టలలో వారు ప్రాణములు విడిచిరి. మరుసటి సంవత్సరమున జాగీరులు రద్దయినవి. 1950 లో హైదరాబాదు కౌలుదారీ చట్టము వచ్చి రక్షిత కౌలుదారులను గుర్తించినది. చట్టము పుస్తకమున నుండెను. గడి యూరిలో నుండెను.

తరువాతి యలజడి నాకు జ్ఞాపకమే. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో జైత్రయాత్ర జరిగినది. ఊరూరినుండి రైతుకూలీలు వేలకొలది నడచివచ్చిరి. వెట్టి మానవలెను, దొరలు పట్టిన బంజరులు విడువవలెను, పాలేర్ల జీతములు పెంపవలెను అని వారి కోరికలు. చాకలి, మంగలి పోని గడి యెన్నాళ్లు నిలుచును? ఆ యక్టోబరులోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వము కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. దొరల బంజరుమీద ఎర్రజెండా పాతిన కూలివానిది నేరమైనది. ఆ బంజరునే ముప్పది యేండ్లు దున్నించుకొన్న దొరది నేరము కాకపోయెను. ఇరువురు చేసినది ఒక్క పనియే. పోరాటములోని హింసను నేను సమర్థింపను. ఇరువైపుల తల్లులు ఏడ్చిరి. కాని న్యాయమునకు రెండు తూనికరాళ్లుండుటను మాత్రము మఱువలేను.

అటు పిమ్మట పెక్కు దొర కుటుంబములు గడులకు తాళములు వేసి కరీంనగరునకును హైదరాబాదునకును తరలినవి. ఈనాడు ఆ గడులను చూడుడు. కొన్నింట బడులు, కచ్చేరులు నడచినవి, కొన్ని అమ్ముడుపోయినవి, అనేకములు కప్పు కూలి, గోడలలో రావిమొక్కలు మొలచి, గబ్బిలములకు నెలవైనవి. గబ్బిలముమీద ఎవ్వరును కేసు పెట్టరు.

ఆదిలాబాదు వైపు పోయినచో కథ తలక్రిందులగును. అచ్చట ఇల్లు ఖాళీ యగుటకు ముందే ఖాళీ యని వ్రాసిరి. గోండులు, కొలాములు పలుచని నేలలను కొన్నియేండ్లు దున్ని, కొన్నియేండ్లు బీడు పెట్టి, మరల దున్నెడివారు. అవసరమైనప్పుడు గూడెమునే మరొక తావునకు తరలించెడివారు. బీడు వారి లెక్కలో విశ్రాంతి. సర్కారు లెక్కలో దిక్కులేని నేల. నిజాము కాలమున అడవి సరిహద్దులు గీసినప్పుడు ఆ బీళ్లు రక్షితారణ్యములో కలిసిపోయినవి. తాతలనాటి చెలకకు తిరిగివచ్చిన గోండు తన యింటిలోనే చొరబడినవాడయ్యెను. అడవి సిబ్బంది గుడిసెలను తగులబెట్టిరి. కుమ్రం భీము చూచుచు నోరు మెదపక యుండలేదు. మొఱ పెట్టుకొనెను, వినువారు లేకపోగా తుపాకి పట్టెను, 1940 లో జోడేఘాటు గుట్టలలో కూలెను. ఆ తరువాతనే నిజాము ప్రభుత్వము హైమెండార్ఫు పండితుని పంపి గోండుల స్థితిని విచారింపజేసినది. కొందరికి పట్టాలును దొరకినవి. 1970 లో గిరిజన భూములు గిరిజనేతరుల చేతికి పోరాదని ఒకటి-డెబ్బది చట్టము గట్టిపడినది. అయినను 1981 ఏప్రిల్ 20 న ఇంద్రవెల్లిలో భూమికొరకు గుమిగూడిన గోండులమీద పోలీసులు కాల్పులు జరిపిరి. సర్కారు లెక్క పదుమూడుగురు మరణించిరని, జనుల లెక్క అంతకు మిక్కిలి యెక్కువ. 2006 నాటి అటవీహక్కుల చట్టము, 2005 డిసెంబరు 13 నాటికి అడవి నేల తన యనుభవములో నున్న గిరిజనునికి హక్కు కలదని యెట్టకేలకు ఒప్పుకొన్నది. భుక్తికి అడవిలో మరల ప్రమాణత వచ్చుటకు భీము చనిపోయి అరువదియారేండ్లు పట్టినది.

ఖాళీ యిండ్ల ప్రశ్న మన జిల్లాలకే వచ్చినది కాదు. 1946 లో, యుద్ధమున ఇండ్లు కూలిన ఇంగ్లండులో, దాదాపు 40,000 మంది ఖాళీ సైనిక శిబిరములలో చొరబడి కాపురములు పెట్టిరి. ప్రభుత్వము వారిని వెడలగొట్టలేక పెక్కుచోట్ల నీరు, వెలుతురు కల్పించినది. ఆ దేశమే 2012 లో నివాసగృహమున చొరబడి యుండుటను ఆరునెలల ఖైదు పడదగిన నేరముగా చేసినది. మనకింకను దగ్గరి యుదాహరణము ఢిల్లీ. 1947 లో పంజాబునుండి సర్వము పోగొట్టుకొని వచ్చిన శరణార్థులు ముసల్మానులు విడిచిన యిండ్లలోను మసీదులలోను తల దాచుకొనిరి. చలికాలము, పసిపిల్లలు, వారిని తప్పుపట్టుటకు నోరెట్లు వచ్చును? అయినను 1948 జనవరిలో గాంధిమహాత్ముడు తన చివరి యుపవాసమున, మసీదులను విడువవలెననియు, వెళ్లిన ముసల్మానులు నిర్భయముగా తమ యిండ్లకు తిరిగిరాగలుగవలెననియు కోరెను. శరణార్థిని దొంగ యనలేదు; శరణార్థికి గూడు కల్పించు భారము ప్రభుత్వముదే యనెను; ఆ గూడు భయపడి పారిపోయినవాని యిల్లు కారాదనెను. భయముచేత విడిచిన యిల్లు విడిచిన యిల్లు కాదు. ఆకలిచేత విడిచినదియు నంతే యని నేను చేర్చుదును.

ఇప్పటి చట్టమును క్లుప్తముగా చెప్పి వదలుదును. 2024 జూలై 1 నుండి నడచుచున్న భారతీయ న్యాయసంహితలోను, దానికి పూర్వపు శిక్షాస్మృతిలో వలెనే, పరుల స్వాధీనములోని చోట ప్రవేశించుట తనంతట నేరము కాదు; నేరము చేయు తలపో, స్వాధీనమున నున్నవానిని బెదిరించు, అవమానించు, విసిగించు తలపో తోడుకావలయును. గృహమున నట్లు చొరబడినచో ఏడాది వరకు ఖైదుగాని, 5,000 రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని పడవచ్చును. 1982 నాటి భూ ఆక్రమణ నిషేధ చట్టము ఇంతకంటె గట్టిది. ఆరునెలలకు తక్కువకాని ఖైదు, అయిదేండ్ల వరకు. పట్టణములలో ముఠాలు కట్టి స్థలములు మ్రింగువారికొరకు పుట్టిన చట్టమది. మఱియొకవంక యజమాని కూడ తనంత తాను జబర్దస్తీగా వెడలగొట్టరాదు. అట్లు తోసివేయబడినవాడు ఆరునెలలలో దావా వేసి మరల లోపలికి రావచ్చును. పండ్రెండేండ్లు తన హక్కని చాటుచు బహిరంగముగా నున్నవానిని వెడలగొట్టుటకు దావాయే చెల్లదు. యాజ్ఞవల్క్యుని యిరువది పండ్రెండయినది, అంతే భేదము.

కావున తాళము తీసి లోపల చేరిన ప్రతివానిని నేరస్థుడనుట నాకు సమ్మతము కాదు. చేరిన ప్రతివానిని దీనుడని విడుచుటయు సమ్మతము కాదు. యజమాని చూచెనా, ఊరకుండెనా, అసలాతనికి చెప్పినవారున్నారా యని మొదట అడుగవలయును. చెప్పవలసినది చొరబడినవాడు మాత్రమే కాదు, ఊరు.

నా తప్పు అచ్చటనే యున్నది. నేతవాడు మఱుసటి యేట భీవండిలో పని తగ్గి తిరిగివచ్చెను. తలుపు తీయగా లోపల గుంట మట్టితో పూడ్చియున్నది. పిల్లలు పండుకొనుటకు చోటు చాలలేదట. మగ్గపు కొయ్యలు, పన్నె, నాడె ఆ ముసురు దినములలోనే పొయ్యిలోనికి పోయినవి. తడియని కట్టె మరి లేదట. గోడలను గొనిపోలేదని నేను చెప్పిన తీర్పులో మగ్గము లేదు. ఆతడు అరవలేదు, తిట్టలేదు. పూడిన గుంట మీద కొంతసేపు కూర్చుండి నావైపు చూచి, "సారూ, నా ఫోను నంబరు మీ అందరి తాన ఉండె గద" అనెను. నిజమే. నా గోడమీది పంచాంగముపై నా చేతివ్రాతతోనే యుండెను.

పంచాయతిలో ఆ కూలివాడు తలవంచి ఇల్లు విడిచిపెట్టెను. గుంట త్రవ్వియిచ్చెను, కూలిన పెరటిగోడ రెండు మూరలు లేపెను. మగ్గము వెల కట్టుట మాచేత కాలేదు. ఠాణా మాట యెత్తవద్దని నేతవాడే యనెను. ఇక ఆ కుటుంబమెచ్చట నుండవలెను? మా యూరి గడి వెనుక దొడ్డిలో పశువులు లేని పాత కొట్టమొకటి పైకప్పుతో మిగిలియున్నది. 1978 తరువాత అందు దీపము వెలిగినట్లు ఎరిగినవారు లేరు. ఈసారి హైదరాబాదులోని వారసులకు ముందే ఉత్తరము వ్రాసి, ఫోనును జేసి, ఊరి పక్షమున ఆశ్రయ మడిగితిమి. జవాబు రాలేదు. రెండు నెలలు చూచి కుటుంబమును కొట్టములో చేర్చితిమి. ఇరువది దినములలో వకీలు నోటీసు వచ్చినది. భూ ఆక్రమణ నిషేధ చట్టము పేరు అందున్నది, నా పేరును ఉన్నది.

జవాబు వ్రాయుమని పెద్దలు నాకే యప్పగించిరి. తొందరపడలేదు. గడి ఆబాదీలోనిదేగాని, ఆ దొడ్డి సర్వే నంబరులోనిది. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలుకొరకు తహశీలుదారు కచ్చేరిలో దరఖాస్తు పెట్టితిమి. పట్టాదారుని గడిలో ఎవరి పేరుండునో మా కందరకును తెలియును. రెండవ గడిలో ఎవరి పేరున్నదో చూచిన తరువాత జవాబు వ్రాయుదును.